పడుగు వీధిలో పద్నాలుగు మొక్కలు

ప్లస్ టూలోకి వచ్చిన ఏడాది నా కళ్ళు నెత్తికెక్కాయని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. అప్పట్లో ఆ మాటకు ఇంతెత్తున లేచేదాన్ని. ఇప్పుడు తిరుత్తణి కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్నాను. అమ్మ ఆ మాట ఎత్తితే తల వంచుకుని నా పళ్ళెంలోకి చూసుకుంటాను. అందులో అబద్ధమేమీ లేదు మరి. ఆ ఏడాది నాకు తెలియనిది ఒకటుందని ఎవరైనా చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు.

మాది పళ్ళిపట్టు బస్సు దారిలో చిన్న పల్లె. నాన్న జయరామ చెరకు, వేరుశెనగ వేస్తాడు. బడి మాత్రం మూడు స్టాపుల అవతల, నేతవాళ్ళ ఊళ్ళో ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం రాసి పెరిగినవాళ్ళం మేమంతా. ఆ బడిలో సేవా కార్యక్రమాలు చూసుకునే సుదర్శనం సారు ఒక పద్ధతి పెట్టారు. పెద్ద క్లాసు ఆడపిల్లలు ఒక్కొక్కరికి ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని ఐదుగురిని అప్పగిస్తారు. ఆ ఐదుగురితో కలిసి ఊరికి పనికొచ్చే పని ఒకటి చెయ్యాలి. పెద్దవాళ్ళు నేర్పాలి, చిన్నవాళ్ళు నేర్చుకోవాలి. అన్ని గుంపుల్లోకీ బాగా చేసినదాన్ని తిరువళ్ళూరుకు పంపుతారు. అక్కడ జిల్లా బడులన్నిటి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తారు. ఆ చప్పట్లు నాకు కావాలి. ఎంతగా కావాలంటే, జూన్ నెలలోనే ఆ రోజు ఏ పావడా వోణీ కట్టుకోవాలో కూడా తీసి పెట్టుకున్నాను.

నాకు వచ్చిన ఐదుగురిలో నలుగురు గోల పిల్లలు. ఐదోది కవిప్రియ. ఏడో తరగతి, నేత పనిచేసే జగన్నాథన్ కూతురు, వయసుకు మించి సన్నం. బడి తెరిచిన మొదటి వారంలోనే ప్రేయర్‌లో కళ్ళు తిరిగి పడిపోతే నేనే ఎత్తుకుని నీడకు తీసుకుపోయాను. నా టిఫిన్ డబ్బాలోని పెరుగన్నం తినిపించాను. అంతే, ఆ రోజు నుంచి నా వెనకాలే తిరిగేది. నేను ఏం చెప్పినా "సరి అక్కా" అనేది. అలాంటి పిల్ల వెనకాల ఉంటే మనిషికి తెలియకుండానే మెడ నిటారుగా అవుతుంది. నాకూ అయింది.

ఐదుగురూ ఒకేసారి మాట్లాడితే తలనొప్పి వస్తోందని నేనొక రూలు పెట్టాను. చెప్పదలచుకున్నది ఏదైనా సరే ఎవరి డైరీలో వాళ్ళు రాసి చూపించాలి. వారానికొకసారి నేను సంతకం పెడతాను. సుదర్శనం సారు ఈ రూలు విని భలే ఉందన్నారు. మిగతా గుంపులకు కూడా చెప్పారు.

మేం ఎంచుకున్న పని మొక్కలు నాటడం. పద్నాలుగు వేప, కానుగ మొక్కలు దొరికాయి. చోటు వెతుకుతూ ఒక ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఐదుగురినీ వెంటేసుకుని తిరుగుతుంటే కవిప్రియ వాళ్ళ వీధి కనబడింది. ఎంత వెడల్పు, ఎంత శుభ్రం! ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీసినట్టు తిన్నగా ఉంది. ఒక్క చెట్టు లేదు, ఒక్క మనిషి లేడు. లోపల ఇళ్ళల్లో మగ్గాలు టకటకమంటున్నాయి. వీధి రెండు చివర్లా నడుమెత్తు రాళ్ళు పాతి ఉన్నాయి. ఎవరో పాతి మర్చిపోయారనుకుని, మా బ్యానర్ కట్టుకోవడానికి బాగుంటాయని సంతోషించాను.

"ఇంత వీధి ఖాళీగా వదిలేసినారు చూడండి," అన్నాను పిల్లలతో.

"అక్కా, ఈ వీధిలో..." అంది కవిప్రియ.

"ఏంది ఈ వీధిలో?"

"పొద్దున పూట..."

"పొద్దున ఎండ తక్కువే కదా, మొక్కలకి మంచిదే. ఏమన్నా చెప్పాలంటే డైరీలో రాయి పాపా. రూలు మర్చిపోయినావా?"

"సరి అక్కా," అంది.

ఆ వారం బస్సులో కూర్చుని, డైరీలు ఒళ్ళో పెట్టుకుని, ఐదింటికీ సంతకాలు చేసేశాను. ఒక్కొక్కదాని కింద ఒక నక్షత్రం గీసి "గుడ్" అని రాశాను. పిల్లలకు ఉత్సాహంగా ఉంటుందని.

నాటడానికి ఆడికృత్తిక ముందు రోజు కుదిరింది. ఆ పండగకు మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ కావళ్ళు ఎత్తుకుని తిరుత్తణి కొండకు పోతాయి. బడికి సెలవు, మగ్గాలకూ సెలవు. వీధిలో ఎవరూ అడ్డుండరు, పని తొందరగా అయిపోతుందని నేనే ఆ రోజు పెట్టాను. పిల్లలందరూ తప్పకుండా రావాలన్నాను. కవిప్రియ వాళ్ళింట్లో ఆ ఏడు పూల కావడి మొక్కు ఉందట. దాని అమ్మా నాన్నా కొండకు పోతే, అది మాత్రం నా కోసం అవ్వ దగ్గర ఆగిపోయింది. ఆ సంగతి నాకు తరవాత తెలిసింది. తెలిసి ఉంటే మాత్రం పొమ్మని ఉండేదాన్నా? ఏమో, చెప్పలేను.

గోడకు నాలుగడుగులు ఇవతలగా, రెండు పక్కలా ఏడేసి గుంటలు తవ్వించాను. మేకలు తినకుండా ప్రతి మొక్క చుట్టూ తుమ్మ కంప నాటించాను. గునపం పట్టుకోవడం, మొక్క వేరు కదలకుండా కవరు చింపడం, అన్నీ నేర్పాను. రైతు బిడ్డను కదా, అది నాకు నిజంగానే వచ్చు. కవిప్రియ చేతులకు కంప గుచ్చుకుని రక్తం వచ్చినా నోరెత్తలేదు. నేను దాన్ని ఓపిక అనుకున్నాను.

దాని అవ్వ పచ్చయమ్మ మోకాళ్ళ నొప్పులతో కొండకు పోలేక అరుగు మీద కూర్చుని ఉంది. ఆమె కొంతసేపు చూసి పిలిచింది.

"ఏమ్మా, ఈడ గుంటలు తవ్వతా ఉండారే, ఎవురు చెప్పినారు మీకు?"

"చెట్లు పెడతా ఉండాం అవ్వా. స్కూల్ నుంచి వచ్చినాం."

"అది కాదుమ్మా. వీధిలో పెద్దోళ్ళు ఎవురూ లేరే. అందురూ కొండకు పోయి ఉండారు. వాళ్ళు వచ్చినంక అడిగి పెట్టగూడదా?"

ఎండ నెత్తి మీదకు వచ్చేసింది. ఇంకా ఐదు మొక్కలు మిగిలి ఉన్నాయి. నాకు చిరాకేసింది. "గవర్నమెంట్ ఆర్డర్ అవ్వా, కలెక్టర్ ఆఫీసు నుంచి," అన్నాను.

అలాంటి ఆర్డరు ఏదీ లేదు. నోటికి వచ్చింది, అనేశాను. పచ్చయమ్మ ఇంకేమీ అడగలేదు. కాసేపటికి లేచి, గోడ పట్టుకుని లోపలికి పోయి, మాకందరికీ మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

పండగ అయిన మూడో రోజు నుంచి కవిప్రియ బడికి రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. ఐదో రోజు హెచ్చెమ్ మేడమ్ గదికి రమ్మని నాకు కబురొచ్చింది. తిరువళ్ళూరు సంగతేమో అనుకుని జడ సరిచేసుకుని మరీ పోయాను.

లోపల జగన్నాథన్ మామ నిలబడి ఉన్నాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. భుజం మీది తుండుగుడ్డ తీసి చేతిలో నలుపుతున్నాడు. సుదర్శనం సారు కిటికీ దగ్గర ఉన్నారు.

"చెట్లు పీకేయమని చెప్పను రాలేదు మేడమ్," అంటున్నాడు ఆయన. "ఆర్డరని తెలుసు. కొంచిం గోడ పక్కకు జరుపుకోవచ్చునా అని పర్మిషన్ అడగను వచ్చినాను. మాది పడుగు వేసే వీధి కదా."

మేడమ్‌ది చెన్నై. పడుగు అంటే ఏమిటని అడిగారు. ఆయన ఓపికగా చెప్పాడు. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు పోగులన్నిటినీ వీధి పొడవునా చాచి కట్టాలి. గంజి పెట్టాలి. ఇద్దరు ఆ పక్కా ఈ పక్కా నడుస్తూ కుంచెతో దువ్వుతూ పోవాలి. ఇదంతా తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఆరబెట్టి చుట్టేయాలి. ఇళ్ళల్లో అంత పొడవు చోటు ఎవరికి ఉంటుంది? అందుకే ఆ వీధి. ఆ చివరా ఈ చివరా ఉన్న రాళ్ళు పడుగును లాగి కట్టడానికి.

ఆ రాళ్ళకే నేను బ్యానర్ కట్టాను.

"కొండ నుంచి వచ్చినంక నాదే మొదటి పడుగు," అన్నాడాయన. "చూసుకొని మధ్యలోనే వేద్దామని వేసినాం. నడవను దారి లేదు. గంజి పెట్టినంక గాలి లేచింది. పడుగంతా ఒక పక్కకు వాలి కంపకు పట్టుకొనేసింది. తడి పోగులు కదా, ఇడిపిస్తా ఉంటే వందలు వందలుగా తెగిపొయ్యె. ఇంటిల్లిపాదీ కూర్చొని అతకతా ఉండాం ఇంకా. మిగతావాళ్ళు భయపడి వేయకుండా ఉండారు."

"కంప తీసేయొచ్చు కదయ్యా?" అన్నారు మేడమ్.

"ఆర్డరు కదా మేడమ్. మేమెట్ల తీస్తాం?" అన్నాడు. సారు పెట్టిన సేవా కార్యక్రమం సంగతే అంటున్నాడనుకుని ఏ ఆర్డరని ఎవరూ అడగలేదు. ఆయన గొంతు తగ్గించాడు. "మీ పిల్లోళ్ళను ఏమీ అనకండి. మా పాపే చెప్పిందంట, మా వీధిలో పెట్టండక్కా అని. చిన్నపిల్ల, తెలీక చెప్పేసినాది. వీధిలో అందురూ దాన్ని తిడతా ఉండారు. నాకూ కోపమొచ్చి రెండు దెబ్బలు వేసినాను."

కవిప్రియ చెప్పిందా? నాకు చెప్పడానికే కదా అది నోరు తెరిచింది, నేను కదా మూయించింది!

సుదర్శనం సారు నా వైపు తిరిగారు. "అక్కడ పడుగు వేస్తారని నీకు తెలీదు కదా అభినయా?"

"తెలీదు సార్," అన్నాను.

అది నిజమే. ఆ నిజం వెనకాల దాక్కున్నాను. ఇంకొక్క మాట చెప్పి ఉంటే చాలు. ఆర్డరు లేదు, ఆ పిల్ల చెప్పలేదు, నేనే చేశానని. చెప్పలేదు. తిరువళ్ళూరు లిస్టు మరుసటి రోజే పోతుంది. అందులో నా పేరు మొదట ఉంది. పెట్టెలో పావడా వోణీ ఇస్త్రీ చేసి ఉంది. ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తోంది.

ఆ పిల్ల ముందే సరిగ్గా చెప్పి ఉండాల్సిందన్నారు మేడమ్. లిస్టు పోయి, తిరువళ్ళూరు నుంచి చూడటానికి వచ్చేవాళ్ళు వచ్చి పోయేదాకా మొక్కలు కదపొద్దన్నారు. వారం, పది రోజులు ఓర్చుకోమన్నారు.

"సరి మేడమ్," అన్నాడు జగన్నాథన్ మామ. అచ్చం కూతురి గొంతే. గడప దగ్గర నన్ను చూసి నవ్వాడు కూడా. "నువ్వేనా అభినయ? మా పాప నీ మాటే చెప్తా ఉంటాది," అని పోయాడు.

ఆ సాయంత్రం పశువులకు గడ్డి వేస్తున్న నాన్న దగ్గరకు పోయి కూర్చున్నాను. నేను చెప్పిన అబద్ధం మాట దాచేసి మిగతాదంతా చెప్పాను. "వీధి ఖాళీగా ఉంది నాయనా, అందుకే పెట్టినాను," అన్నాను.

"మనం కాయలు ఆరబోసే కల్లం కూడా పది నెలలు ఖాళీగానే ఉంటాది," అన్నాడు నాన్న. "దాంట్లో ఎవురన్నా వచ్చి చెట్లు పెట్టి కంప కొడితే నువ్వు ఊరుకుంటావా?"

"ఊరుకోను."

"వాళ్ళకు అదే కల్లం. ఒక మాట అడిగి ఉండొచ్చు కదమ్మా." అంతే అన్నాడు. తిట్టలేదు. గడ్డి మోపు విప్పడంలో పడిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు ఎదురు చెప్పి తేలికపడేదాన్ని.

పిల్లల డైరీలు నా సంచిలోనే ఉన్నాయి, లిస్టుతో పాటు పంపడానికి. కవిప్రియది తీసి చదివాను. అదే మొదటిసారి చదవడం. గుండ్రటి తమిళ అక్షరాలతో, కొట్టివేతల్లేకుండా రాసింది. మా వీధిలో పొద్దున పడుగు వేస్తారక్కా. మొక్కలు పెడితే నడవడానికి చోటుండదు. మా తాత కాలం నుంచి అక్కడే వేస్తున్నారు. వేరే చోటు చూద్దామా అక్కా?

దాని కింద నా సంతకం. ఒక నక్షత్రం. "గుడ్."

నేను ఏడ్చాను. దొంగతనం చేసి దొరికిపోయిన దానిలా ఏడ్చాను. నా పేరు పోతుందని కొంత, ఆ పిల్ల దెబ్బలు తిన్నదని కొంత. ఏది ఎంతో విడదీసి చెప్పలేను. అన్నం తినమని అమ్మ పిలిస్తే కడుపునొప్పని చెప్పాను.

మర్నాడు మొదటి బస్సెక్కాను. బస్సులోంచే సుదర్శనం సారుకు ఫోన్ చేశాను. ఆయన నిద్ర గొంతుతో ఎత్తారు.

"సార్, ఆ మొక్కలు పీకతా ఉండాను."

"ఏందీ? ఈ రోజు లిస్టు పంపాలమ్మా!"

"నా పేరు తీసేయండి సార్. ఆ వీధి కవిప్రియ చెప్పలేదు. వద్దని రాసింది. నేనే చదవకుండా సంతకం పెట్టినాను. ఆర్డరని కూడా నేనే అబద్ధం చెప్పినాను."

"నేను కూడా ఆ డైరీలు తిప్పి చూడలేదు," అన్నారు సారు. "సరే, మేడమ్‌కు నేను చెప్పుకుంటాను. నువ్వు పో." పెట్టేయబోయి మళ్ళీ అన్నారు, "పీకేటప్పుడు ఒక ఫోటో తీసి పంపు." ఆయనకు ఫోటో లేనిదే ఏ పనీ అయినట్టు కాదు.

నేను చేరేసరికి వీధి మేలుకుని ఉంది. పడుగు వేయడం లేదు కానీ అలవాటుకొద్దీ అందరూ వాకిళ్ళలో నిలబడి ఉన్నారు. జగన్నాథన్ మామ అరుగు మీద తెగిన పడుగును కర్రల మీద పరిచి, ఆయనా, భార్యా, పచ్చయమ్మ అవ్వా పోగులు అతుకుతున్నారు. కవిప్రియ చివర కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది, బడిలో లేచినట్టు.

దారి పొడవునా ఏం చెప్పాలో వల్లె వేసుకున్నాను. అక్కడికి వచ్చాక ఒక్క ముక్కా గుర్తు రాలేదు. వీధి మధ్యలో నిలబడి గట్టిగా అనేశాను.

"ఆర్డరు లేదు మామా. కలెక్టర్ ఆఫీసు నుంచి ఏ ఆర్డరూ రాలేదు. నేను అబద్ధం చెప్పినాను. ఈ వీధిలో పెట్టమని కవిప్రియ చెప్పలేదు. వద్దనే చెప్పింది. నేనే వినలేదు."

ఆయన చేతిలో పోగు అలాగే పట్టుకుని చూశాడు. "ఆర్డరు లేదా?"

"లేదు మామా."

"కలెక్టర్ చెప్పలేదా?"

"లేదు."

"లేనేలేదా?" అన్నాడు మూడోసారి. ఆ మాట వీధంతా పాకింది. ఎదురింటి మురళీధరన్ అన్న గబగబా వచ్చి, "అట్లయితే ఐదు దినాలుగా దేనికి భయపడి చచ్చినాం మేము?" అని నా మీదికి అరిచాడు. ఆయన పడుగు కూడా ఆగిపోయి ఉంది. అరవడానికి ఆయనకు హక్కుంది. ఏడుపు దిగమింగుకుని నిలబడ్డాను.

పచ్చయమ్మ అవ్వ అరుగు దిగి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను. "మజ్జిగ పోసినాను కదే నీకు," అంది. "నా మొగం చూసి ఎట్ల చెప్పినావే ఆ మాట?" ఆమె గొంతులో కోపం కంటే నొప్పి ఎక్కువుంది. నేను కాళ్ళకు వంగితే భుజం పట్టి ఆపింది. "కాళ్ళూ గీళ్ళూ వద్దు. పో, ఆ కంప పీకు ముందు."

జగన్నాథన్ మామ అప్పటికే కూతురి వైపు తిరిగి ఉన్నాడు. "మరి నువ్వెందుకు పాపా, నేనే చెప్పినానని అన్నావు? దెబ్బలు కూడా తిన్నావే!"

కవిప్రియ తన కాలి వేళ్ళ వైపు చూసుకుంది. ఆ తరవాత మెల్లగా అంది. "నేను రాసిచ్చినాను నాయనా. అక్క చదివి గుడ్ అని పెట్టింది. అంత చదువుకొన్న అక్క చూసి కూడా సరే అన్నిందంటే, నాకే సరిగ్గా తెలీదేమో అనుకొన్నాను. అప్పుడు తప్పు నాదే కదా?"

ఆ వీధిలో పుట్టిన పిల్ల. కళ్ళు తెరిచిన నాటి నుంచి రోజూ పొద్దున ఆ వాకిట్లో పడుగు చూస్తూ పెరిగింది. నేను బస్సులో గీసిన ఒక గీతను నమ్మి, తన కళ్ళతో చూసింది తప్పేమో అనుకుంది. మురళీధరన్ అన్న అరిచినా ఆగిన ఏడుపు అప్పుడు వచ్చేసింది. దాని దగ్గరకు పోయి, "నేను చదవలేదు కవీ. చదవకుండానే పెట్టినాను," అన్నాను.

"చదవలేదా?" అంది. కోప్పడలేదు. నమ్మలేనట్టు చూసింది, అంతే. అక్కలు చదవకుండా సంతకం పెడతారని ఆ పిల్లకు తెలియదు.

జగన్నాథన్ మామ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కూతురి తల మీద చెయ్యి వేసి నిమిరాడు. తరవాత నా చేతికి గునపం ఇచ్చాడు.

కంప పీకడానికి వీధి వీధంతా వచ్చింది. మురళీధరన్ అన్న కూడా వచ్చాడు, తిడుతూనే. వేర్లు తెగకుండా మట్టి గడ్డతో సహా తీయాలని నేను చెబితే, ఆయన అలాగే జాగ్రత్తగా తీశాడు. మొక్కలంటే ఎవరికీ కోపం లేదు. పద్నాలుగింటిలో ఒకటే వాడిపోయింది. మిగతావి వారం రోజుల్లోనే చిగురు పట్టాయి. మొక్కలన్నీ తీసేశాక గుంటలు పూడ్చి, నీళ్ళు చల్లి, కాళ్ళతో తొక్కి నేల చదును చేశారు. పదముగ్గురం పదమూడు మొక్కలు పట్టుకుని నిలబడ్డాం. నేను ఒళ్ళంతా మట్టితో, చేతులు గీరుకుపోయి ఉన్నాను.

మధ్యలో ఒకసారి పోగులు అతకడానికి నేనూ కూర్చున్నాను. నా వేళ్ళకు రెండు పోగుల కొనలు కలిపి మెలిపెట్టడం ఎంతకీ చేతకాలేదు. నేను అతికింది నేను చేయి తీయగానే ఊడిపోయేది. "నువ్వు చెట్లు పెట్టుకొనేదే మేలమ్మా," అని పచ్చయమ్మ అవ్వ నన్ను లేపేసింది. చుట్టూ అందరూ నవ్వారు. ఆ నవ్వుతో నాకు ఊపిరి తిరిగింది.

ఇప్పుడు ఈ మొక్కలు ఎక్కడ పెట్టాలి? నేను కవిప్రియను అడిగాను. వీధి వాళ్ళందరి ముందూ అడిగాను, కావాలనే. "నువ్వు చెప్పు కవీ. యాడ పెడదాం?"

అది నా మొహంలోకి చూసింది. ఏం చెబితే నాకు నచ్చుతుందా అని వెతుకుతోంది. "నీ ఇష్టం అక్కా," అంది.

మురళీధరన్ అన్న తిట్టినప్పుడు కూడా అంత బాధ కలగలేదు. నిజం చెప్పేస్తే, లిస్టులో పేరు పోగొట్టుకుంటే, చేతులు గీరుకుంటే సరిపోతుందనుకున్నాను. ఆ పిల్ల దగ్గర నేను పోగొట్టింది అంత సులువుగా తిరిగి రాదని అప్పుడు తెలిసింది. ఇంకోసారి అడిగాను. మళ్ళీ అదే మాట అంది. ఎండ ఎక్కుతోంది, మొక్కల మట్టి ఆరిపోతోంది. నాకు ఓపిక మొదటి నుంచీ తక్కువే. పొద్దున్నుంచి తిన్నన్ని తిట్లు తిని, ఏడ్చినంత ఏడ్చి కూడా నా బుద్ధి ఎక్కడికీ పోలేదు.

"సరే అయితే," అన్నాను పాత గొంతుతోనే, చెయ్యి చాపి. "ఆ బోరు పంపు పక్కన ఖాళీగా ఉండాది కదా, నీళ్ళు కూడా దగ్గిర. ఆడ పెట్టేద్దాం పదండి..."

"వద్దక్కా!"

వీధంతా తిరిగి చూసింది. కవిప్రియే. మొహం ఎర్రబడిపోయింది. కానీ ఆగలేదు.

"ఆడ వద్దు. ఆడ అందురూ నూలు రంగు నీళ్ళు పారబోస్తారు. ఆ మట్టిలో గడ్డి కూడా మొలవదు. నీకు తెలీదు."

"అయితే కొంచిం ఇవతలికి..." అన్నాను.

"ఇవతల కూడా వద్దు. నీకు తెలీదక్కా!"

ఎదురు చెప్పడానికి నోరు తెరిచాను. అలవాటు మరి. తెరిచిన నోరు మూసుకున్నాను. నీకు తెలీదు అని ఆ ఏడాది నాకు ఎదురు చెప్పింది ఆ పిల్ల ఒక్కతే, అదీ వెంటవెంటనే రెండుసార్లు అనేసింది. జగన్నాథన్ మామ కూతురిని మందలించబోయాడు. నేను వద్దని చెయ్యి ఊపాను.

"తెలీదు," అన్నాను. "నువ్వు చూపించు."

అది వీధి ఆ చివరా ఈ చివరా చూసింది. తరవాత మొక్కను గుండెకు ఆనించుకుని, నా వైపు తిరిగి కూడా చూడకుండా, ఎడమ పక్క సందులోకి నడిచింది. మేం పన్నెండుమందిమీ మా మొక్కలు పట్టుకుని దాని వెనకాల పోయాం.